మళ్ళీ వచ్చే నర్సమ్మ

ఆంధ్రప్రదేశ్‌లో ఇంట్లో పురుళ్ళు దాదాపు ఆగిపోయాయి. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని కాన్పుల్లో నూటికి 96కి పైగా ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. మంత్రసాని చేతిలో ప్రాణం పెట్టి పడుకున్న తరాలను తలుచుకుంటే ఇది మామూలు విజయం కాదు. కానీ అదే సర్వేలో ఇంకో వరస అంకెలూ ఉన్నాయి. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 30 మంది ఏడాది నిండకుండానే కన్నుమూశారు. వాళ్ళలో 20 మంది మొదటి నెల కూడా దాటలేదు. అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటి అయిదేళ్ళు నిండని పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత. పురుడు ఆసుపత్రికి మారింది గానీ పెంపకం ఇంట్లోనే ఉంది. మామూలు కాన్పయితే రెండు మూడు రోజులకు, ఆపరేషనయితే వారానికి తల్లీబిడ్డలు ఇల్లు చేరతారు. ఆ తర్వాత బిడ్డ పాలు సరిగ్గా తాగుతోందా, ఒళ్ళు చల్లబడుతోందా, కళ్ళు పచ్చబడ్డాయా అన్నది డాక్టరు కంటికి ఆనేసరికి చాలాసార్లు ఆలస్యమవుతుంది. నేను ఈ అధ్యాయంలో నిలబెట్టదలచుకున్న మాట ఒకటే. బిడ్డను కాపాడే వైద్యంలో పెద్ద భాగం మందులోనో యంత్రంలోనో లేదు. చూడడం నేర్చిన మనిషి అదే బిడ్డ దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావడంలో ఉంది. మన ఊళ్ళలో ఆ మనిషి నర్సమ్మ.

పాత కృష్ణా జిల్లా మెట్టలో, నూజివీడు మామిడి సీమలో ఉన్న రెడ్డిగూడెం మండలాన్ని తీసుకుంటే ఈ 'మళ్ళీ రావడం' ఎంత కష్టమో అర్థమవుతుంది. అక్కడ ఏడాదిని నడిపేవి తోటలు. డిసెంబరు, జనవరిల్లో పూత. దాన్ని నిలబెట్టుకోవడానికి తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ మందు కొట్టడం. వేసవి ముంగిట్లో పిందె. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయల కోతలు, నున్న మార్కెట్‌కు లోడ్లు. ఎండ ముదరకముందే పనిలో ఉండాలి కాబట్టి కోతల రోజుల్లో కూలి ఇళ్ళు తెల్లవారేసరికే ఖాళీ అవుతాయి. కాపలాకు కుదిరిన కుటుంబాలు పిల్లాజెల్లాతో తోటలోనే పాక వేసుకుంటాయి. పది గంటలకు నర్సమ్మ వీధిలోకి వస్తే ఎదురయ్యేది తాళం వేసిన తలుపు, ముసలమ్మ కూర్చున్న అరుగు. దీన్ని తల్లుల నిర్లక్ష్యం కింద రాసేయడం తేలిక. ఏడాది మొత్తంలో చేతినిండా కూలి దొరికే రోజులు అవే అని తెలిసిన మనిషి మాత్రం అలా రాయదు.

దీనికి తోడు మన ఆచారం ఒకటుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్ళిన పిల్ల, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక గానీ అత్తారింటికి తిరిగి రాదు. బాలింతకు విశ్రాంతి, కన్నతల్లి చేతి వంట, చిన్నపిల్లను ఎత్తుకోవడానికి పది చేతులు దొరికే ఈ ఏర్పాటు తీసిపారేయాల్సింది కాదు, నా దృష్టిలో ఇది మన కుటుంబాలు కనిపెట్టిన మంచి వైద్యమే. కానీ దీనివల్ల గర్భవతిగా ఉన్నప్పుడు ఆమె రక్తపోటు, రక్తం శాతం చూసిన నర్సమ్మ ఒకరు, పసిబిడ్డను చూడాల్సిన నర్సమ్మ ఇంకొకరు అవుతారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్ళి చూడాలని దేశమంతటా నియమం ఉంది. ఆశా కార్యకర్త వెళ్ళాలి, బరువు తక్కువ ఉన్నా, తేడా కనిపించినా ఏఎన్ఎం, అంటే మన నర్సమ్మ, తోడు రావాలి. ఈ ఆరు రాకపోకలూ పడేది పుట్టింటి ఊళ్ళోనే. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకీ, నూజివీడు ఏలూరు జిల్లాలోకీ వెళ్ళాయి. అంటే నూజివీడు పక్క పల్లె నుంచి రెడ్డిగూడెం కోడలుగా వచ్చిన అమ్మాయి పురిటికి వెళ్ళిందంటే జిల్లా దాటినట్టే. కార్డు ఆమె సంచీలో వెళ్తుంది. ఆమె గురించి ఒకరికి తెలిసిన సంగతులు మాత్రం వెళ్ళవు.

ఆ తెలిసిన సంగతులు అంత ముఖ్యమా? శిశువు శరీరధర్మాన్ని బట్టి చూస్తే, అవును. పెద్దవాళ్ళ జబ్బు చాలాసార్లు ఒక్క పరీక్షలో దొరుకుతుంది, ఎందుకంటే వాళ్ళు నోరు తెరిచి చెబుతారు. పసిబిడ్డ జబ్బు కనిపించేది మార్పులో. పుట్టిన దాదాపు ప్రతి బిడ్డా మొదటి వారంలో కాస్త బరువు తగ్గుతుంది, పుట్టిన బరువులో నూటికి పది వంతుల దాకా తగ్గినా కంగారు పడక్కర్లేదు, రెండు వారాలు నిండేసరికి మళ్ళీ పుట్టినప్పటి బరువుకు రావాలి. ఏడో రోజున తూచి 2 కిలోల 600 గ్రాములు అని రాస్తే ఆ అంకెకు ఒంటరిగా అర్థం లేదు. పుట్టినప్పుడు 2 కిలోల 700 ఉండి ఇప్పుడు ఇంత ఉంటే బిడ్డ బాగున్నట్టే. పుట్టినప్పుడు 3 కిలోలు ఉండి ఇంతకు దిగితే తల్లిపాలు అందడం లేదని అనుమానించాలి, పక్కన కూర్చుని బిడ్డ రొమ్ము ఎలా పట్టుకుంటోందో చూడాలి. పసికర్లూ అంతే. చాలామంది పసిపిల్లలు రెండో రోజు, మూడో రోజు పచ్చబడి తర్వాత తేరుకుంటారు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, పసుపు అరచేతులకూ అరికాళ్ళకూ దిగినా అది ప్రమాదం. నిన్న ముఖం మీదే ఉన్నది ఇవాళ కాళ్ళకు దిగిందని చెప్పగలిగేది నిన్న చూసిన మనిషే. పెరుగుదల పట్టికలో ఒక చుక్క ఏమీ చెప్పదు. రెండు చుక్కలు పడి, మధ్యన గీత గీస్తేనే అది ఎక్కుతోందో దిగుతోందో తెలుస్తుంది.

ఊపిరి లెక్క పెట్టడం ఇంకా చిన్న పనిలా కనిపిస్తుంది, అందుకే దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. మన ఇళ్ళల్లో పసివాడికి ఆయాసం వస్తే పాల ఉబ్బసం అంటారు, వాము కాచిన నీళ్ళు పట్టడం, గుండెలకు వేడి నూనె రాయడం మొదలవుతాయి. అది జలుబా, న్యుమోనియానా అన్నది స్టెతస్కోపు లేకుండా తేల్చడానికి శిశువైద్యులు ఒక పద్ధతి కట్టారు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట మీద చూపు నిలిపి, గడియారం పట్టుకుని నిండు నిమిషం లెక్క పెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకూడదు, ఎందుకంటే పసిబిడ్డ ఊపిరి ఒక వరసన నడవదు, కాసేపు వేగం, కాసేపు నెమ్మది. రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలలు నిండి ఏడాదిలోపయితే 50, ఏడాది నుంచి అయిదేళ్ళయితే 40. ఈ అంకెలను అందుకున్నా, దాటినా వేగంగా ఉన్నట్టే. రెండు నెలల్లోపు బిడ్డకు మొదటి లెక్కలో 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టి చూడాలి. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతే లెక్కతో పని లేదు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పంపడమే. ఖర్చు లేని పరీక్ష ఇది. కావాల్సింది ఒక నిమిషం నిమ్మళం. ఆ నిమ్మళం కొత్త మనిషికి దొరకదు. కొత్త ముఖం చూడగానే బిడ్డ గుక్కపెడుతుంది, ఏడుస్తున్న బిడ్డ ఊపిరికి లెక్క లేదు. పోయిన నెల టీకా వేసి, కాసేపు ఆడించి వెళ్ళిన నర్సమ్మ ఒడిలో బిడ్డ ఊరుకుంటుంది. తల్లి కూడా ఆమెకే చెబుతుంది, రాత్రి నుంచి ఏం పట్టారో, ఏ నాటు మందు నాకించారో.

ఇదంతా ఊహ మీద నిలబెట్టిన మాట కాదని చెప్పడానికి వందేళ్ళకు పైబడిన సాక్ష్యం ఉంది. న్యూయార్క్‌లో 1902 నాటికి బడి వైద్యులు పిల్లలను పరీక్షించి, కళ్ళకలకలూ గజ్జీ తామరా పేలూ ఉన్నవాళ్ళను ఇంటికి పంపేవారు. పంపిన పిల్ల ఇంట్లోనే ఉండిపోయేది, జబ్బు నయం చేసేవాళ్ళు లేక. ఆ ఏడాది లిలియన్ వాల్డ్ చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులకు పంపారు. ఆమె చేసింది పుండు కడిగి కట్టు కట్టడం, ఇంటికెళ్ళి తల్లికి చూపించడం, మళ్ళీ బడికి తేవడం. ఆ పద్ధతి బాగుందని మరిన్ని బడులకు నర్సులను ఇచ్చారు. 1902 సెప్టెంబరులో బడినుంచి పంపేసినవాళ్ళు 10,567 మందయితే, 1903 సెప్టెంబరుకు 1,101 మంది. జబ్బు కనిపెట్టడం అప్పటికే జరుగుతోంది, మారింది వెంటపడి చూసుకునే మనిషి ఉండడమే. తర్వాత 1977లో అదే రాష్ట్రంలోని ఎల్మైరా అనే ఊళ్ళో డేవిడ్ ఓల్డ్స్ కట్టుదిట్టమైన ప్రయోగం మొదలుపెట్టాడు. నాలుగు వందల మంది గర్భిణులను చీటీలు వేసినట్టు గుంపులుగా విడదీసి, ఒక గుంపు ఇళ్ళకు నర్సులను పంపాడు. కాన్పుకు ముందు సగటున 9 సార్లు, తర్వాత బిడ్డకు రెండేళ్ళు నిండేదాకా 23 సార్లు వెళ్ళారు. పదిహేనేళ్ళ తర్వాత లెక్క తీస్తే ఆ ఇళ్ళల్లో పిల్లలను కొట్టడం, పట్టించుకోకపోవడం గురించి రుజువైన కేసులు మిగతావాళ్ళకన్నా 48 శాతం తక్కువ. నర్సు చివరిసారి ఆ గడప దిగి పదమూడేళ్ళయినా నిలిచిన ఫలితమది.

ఇక్కడ ఒక ప్రశ్న గట్టిగా ఎదురవుతుంది. ఇంటికెళ్ళి మంచీచెడూ కనుక్కోవడానికి నర్సే ఎందుకు, పదో తరగతి చదివిన ఊరి అమ్మాయి చాలదా అని. దీన్నీ పరీక్షించారు. 1990ల్లో డెన్వర్‌లో 735 మంది తల్లులతో చేసిన ప్రయోగంలో ఒక గుంపుకు నర్సులనూ ఇంకో గుంపుకు నర్సింగు చదవని శిక్షితులనూ పంపితే, రెండో గుంపులో కనిపించిన మేలు మొదటి గుంపులో దానికి దాదాపు సగమే. అయితే మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు దీనికి ఎదురు నిలిచే ఫలితం చూపించారు. 39 ఊళ్ళల్లో ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, పసిబిడ్డలను వరసగా ఇంటికెళ్ళి చూడడం, బిడ్డ రక్తానికి విషం సోకే సూచనలు కనిపెట్టి ఇంజెక్షన్ వేయడం నేర్పారు. పోల్చడానికి పెట్టుకున్న 47 ఊళ్ళతో చూస్తే మూడేళ్ళలో నెలలోపు శిశుమరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్‌లో అచ్చయిన ఆ అధ్యయనమే ఇవాళ్టి ఆరు రాకపోకల నియమానికి మూలం. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమయ్యేది పట్టా గొప్పదని కాదు. గడ్చిరోలి ఆడవాళ్ళ వెనక ప్రతి పదిహేను రోజులకూ వచ్చి తప్పు దిద్దే పైవాళ్ళు ఉన్నారు, చేతిలో మందు ఉంది, బాధ్యత ఉంది. మన ఆశా కార్యకర్త వెనక అలా నిలబడాల్సింది ఏఎన్ఎం, ఆమె వెనక పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు, విలేజ్ క్లినిక్‌లో ఉండే బీఎస్సీ నర్సింగు చదివిన అమ్మాయి. ఆశాను పంపి నర్సును తీసేస్తే గడ్చిరోలి రాదు, డెన్వర్‌లోని రెండో గుంపు వస్తుంది.

టీకాల విషయంలో నర్సు చేతి పని ఎంత సున్నితమో బయటివాళ్ళకు తెలిసింది తక్కువ. కృష్ణా తీరపు మే నెల ఎండలో వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని వెళ్తుంటే చూసేవాళ్ళందరికీ వేడికి మందు పాడవుతుందేమో అన్న భయమే. పోలియో చుక్కలకు ఆ భయం నిజమే. సీసా మీద ఒక వలయం, దాని లోపల చిన్న చదరం ఉంటాయి, వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది, వలయం రంగుకు చేరిందంటే ఆ సీసా పారేయాలి. కానీ అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌కు అంతకన్నా పెద్ద శత్రువు గడ్డకట్టడం. అందులో అల్యూమినియం లవణం ఉంటుంది. మందును పట్టి ఉంచి, శరీరం దాన్ని గట్టిగా గుర్తుపట్టేలా చేసేది అదే. ఒకసారి గడ్డకడితే ఆ నిర్మాణం విరిగిపోతుంది, కరిగాక సూది వేసినా కోరింత దగ్గు నుంచి, కంఠసర్పి నుంచి రావాల్సిన రక్షణ రాదు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను అలాగే క్యారియర్‌లో పెడితే ఎండాకాలంలో కూడా సీసా గడ్డకట్టవచ్చు. అందుకే నాలుగు ఐస్‌ప్యాక్‌లనూ బల్ల మీద పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడేదాకా ఆగి అప్పుడు సర్దాలి. తట్టు–రుబెల్లా పొడి కలిపాక నాలుగు గంటలు దాటితే, సీసాలో ఎన్ని డోసులు మిగిలినా పారబోయాలి. ఈ జాగ్రత్తలన్నీ పాటించారో లేదో తల్లికి కనిపించదు. ఆమెకు కనిపించేది ఆ రాత్రి బిడ్డకు వచ్చే జ్వరం. ఏ టీకా వేశారు, దేనికి వేశారు, జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నవి చెప్పకుండా పంపేస్తే, రెండో డోసుకు ఆ తల్లి రాకపోవడం ఆమె తప్పు కాదు.

మామిడి సీమకు సొంతంగా ఉన్న ప్రమాదాలూ ఉన్నాయి, వాటికి టీకా లేదు. పూత మీద కొట్టే మందుల్లో కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ జాతివి. పెద్దవాడి ఒంటికి తగిలిన కాస్త మందే పిల్లవాడి చిన్న ఒంటికి ఎక్కువవుతుంది. చొంగ కారడం, ఒళ్ళంతా చెమట, వాంతులు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం దాని గుర్తులు. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి, అట్రోపిన్ అక్కడే ఉంటుంది. ఖాళీ మందు డబ్బాలో నీళ్ళు పోసుకునే ఇల్లు ఏదో, కార్బైడ్ పొట్లాలు ఏ అరుగు మీద పడుంటాయో రోడ్డు మీద వెళ్ళే జీపుకు తెలియదు. కాయ మాగబెట్టడానికి కార్బైడ్ వాడకూడదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. దాని తడి పొడి పిల్లల కళ్ళల్లో పడితే చూపే పోవచ్చు. పండ్ల తోటల ఊళ్ళల్లో ఇంటింటి మాట ఎంత అవసరమో బీహార్‌లోని ముజఫర్‌పూర్ చూపించింది. అక్కడ లిచీ కాపు వచ్చే మే, జూన్ నెలల్లో పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో చనిపోయేవారు. 2014లో రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మందిలో 122 మంది పోయారు. సాయంత్రం అన్నం తినకుండా, పగలంతా తోటలో రాలిన లిచీలు తిని పడుకున్న పిల్లలకు, ఆ పండులోని ఒక విషపదార్థం వల్ల రక్తంలో చక్కెర పడిపోతోందని 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన పరిశోధన తేల్చింది. మన మామిడిలో అలాంటిదేమీ లేదు, ఆ భయం ఎవరికీ అక్కర్లేదు. నేను చూపదలచింది మందు గురించి. ఆ పరిశోధకులు చెప్పిన నివారణల్లో ముఖ్యమైనది, పిల్లలను రాత్రి పస్తు పడుకోబెట్టవద్దు అన్న ఒక్క మాట. ఆ మాటను గుడిసె గుడిసెకూ చేర్చే మనుషులు ఉంటేనే అది మందవుతుంది. 2019లో ఆ జిల్లాలో మళ్ళీ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎండ, పోషకాహార లోపం, ఆలస్యంగా అందిన వైద్యం, అన్నీ కలిశాయి. ప్రతి వేసవికీ మళ్ళీ చెప్పాల్సిన మాటలు కొన్ని ఉంటాయని మాత్రం ఆ ఏడాది గుర్తుచేసింది.

నా వాదనకు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. పోయే పిల్లల్లో ఎక్కువమంది మొదటి వారంలోనే పోతున్నారు కదా, అప్పుడు కావాల్సింది ఇంటికొచ్చే నర్సమ్మ కాదు, మంచి నవజాత శిశు విభాగం అంటారు కొందరు. మొదటి సగం నిజం. నెలలోపు మరణాల్లో నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనివే. కానీ ఆ విభాగంలో బిడ్డ పక్కన 24 గంటలూ ఉండేది ఎవరు? 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల్లో చేసిన అధ్యయనంలో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల బరువుతో పుట్టిన బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి గుండె మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెడితే, బిడ్డ తేరుకునేదాకా ఆగి అప్పుడు అలా చేయడం కన్నా మరణాలు 25 శాతం తగ్గాయి. ఈ పనికి యంత్రం అక్కర్లేదు, తల్లి పక్కన నిలబడి గంట గంటకూ చూసే నర్సు కావాలి. అది ఆసుపత్రిలో మళ్ళీ మళ్ళీ రావడం. రెండింటినీ పోటీ పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇంగ్లండు నుంచి వచ్చిన అభ్యంతరం ఇంకా పదునైనది. ఎల్మైరా పద్ధతినే అక్కడ 1,645 మంది చిన్నవయసు తల్లులతో పరీక్షించారు. 2016లో వచ్చిన ఫలితం చూస్తే తల్లుల పొగతాగుడులోగానీ, బిడ్డ బరువులోగానీ, పిల్లలు అత్యవసర చికిత్సకు రావడంలోగానీ, రెండేళ్ళలోపు మళ్ళీ గర్భం రావడంలోగానీ తేడా లేదు. ఇది నా మాటను పడగొడుతుందా? ఆ ప్రయోగంలో పోల్చినవాళ్ళు ఏ సేవా లేనివాళ్ళు కాదు. అక్కడ ప్రతి బిడ్డ ఇంటికీ ఎప్పటినుంచో వచ్చే హెల్త్ విజిటర్ ఉంది, మంత్రసాని పనిలో పట్టా పొందిన మిడ్‌వైఫ్ ఉంది. నిండిన గిన్నెలో ఇంకో గరిట పోస్తే పెరిగేది కొంచెమే. మన మెట్ట ఊళ్ళల్లో గిన్నె ఇంకా వెలితిగానే ఉంది కాబట్టి ఆ ఫలితాన్ని మనకు అతికించలేం. అయితే ఇంటికి వెళ్ళడమొక్కటే సర్వరోగ నివారిణి కాదన్న హెచ్చరికను మాత్రం మనం తీసుకోవాలి. ఎల్మైరాలోనూ, మొగుడు పెళ్ళాన్ని తరచూ కొట్టే ఇళ్ళల్లో పిల్లలకు దక్కిన మేలు కనిపించలేదు. నర్సమ్మ ఒక్కతే మోయలేని బరువులు కొన్ని ఉన్నాయి.

రక్తహీనత సంగతి ఇంకొంచెం కలతపెడుతుంది. నాలుగో సర్వేలో మన రాష్ట్రపు పిల్లల్లో 58.6 శాతం ఉన్నది అయిదో సర్వేకు 63.2కు పెరిగింది. ఈ మధ్యకాలంలో నర్సమ్మలు లేరా, ఐరన్ సిరప్ పంచలేదా? పంచారు. వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున అయిదేళ్ళదాకా తాగించాల్సిన మందు అది. సీసా చేతికివ్వడం ఒక రోజు పని, దాన్ని నెలల తరబడి బిడ్డ నోట్లో పోయించడం వేరే పని. సిరప్ తాగిన మర్నాడు విరేచనం నల్లగా కనిపిస్తుంది. అది మామూలే అని ముందుగా ఎవరూ చెప్పకపోతే తల్లి భయపడి సీసా పైన పెట్టేస్తుంది. ఇంట్లో పప్పూ ఆకుకూరా గుడ్డూ తక్కువైతే సిరప్ చేసేది కొంతే అన్నదీ నిజం. నులిపురుగుల మందు, కాన్పులో బొడ్డు తాడు వెంటనే కోయకుండా కాస్త ఆగడం, ఇవన్నీ దీనికి తోడు కావాలి. ఈ అంకె చెబుతున్నది నర్సమ్మ పనికిరాదని కాదు. పంపకాన్ని లెక్కపెట్టి, వెంట చూసుకోవడాన్ని లెక్కపెట్టకపోతే ఏమవుతుందో చెబుతోంది.

కుటుంబం మీద నిఘా కదా ఇదంతా అని అడిగేవాళ్ళున్నారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. రాష్ట్రంలో 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని ఆ అయిదో సర్వే చెప్పింది. పదహారేళ్ళ గర్భిణి పేరు రాసుకునేది ఏఎన్ఎం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆమె ఆ సంగతి పోలీసులకు చెప్పి తీరాలి. చెబితే ఆ ఇల్లు ఆమెకు తలుపు మూస్తుంది, పక్కిల్లు కూడా మూస్తుంది, అప్పుడు ఆ చిన్నతల్లి రక్తపోటు చూసేవాళ్ళు ఉండరు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గర్భస్రావం విషయంలో, మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు వెల్లడించనక్కర్లేదని చెప్పింది. ఈ ఇరుకును కోర్టు కూడా గుర్తించిందన్నమాట. నేను ఇందులో నర్సమ్మను పోలీసుగా చూడదలచుకోలేదు. ఆమె చేయగలిగిన పెద్ద పని అంతకు రెండేళ్ళ ముందు ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల బడి మానేసిందని, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని ఆమెకు వీధిలో అందరికన్నా ముందు తెలుస్తుంది. బాలల హెల్ప్‌లైన్ 1098కి చెప్పడమా, తల్లితో కూర్చుని మాట్లాడడమా, అంగన్‌వాడీ టీచరును కలుపుకోవడమా అన్నది తేల్చుకోవడానికి ఆ ఇంటి సంగతి తెలిసి ఉండాలి. ఆ తెలియడం నమ్మకం మీదే నడుస్తుంది. నమ్మకం చెడగొట్టుకోకుండా చట్టాన్ని పాటించే మార్గం చూపించకుండా, బాధ్యతంతా ఆమె నెత్తిన వేయడం అన్యాయం.

ఇక సమయం. ఇంటింటికీ వెళ్ళే వీలెక్కడ, సర్వేలూ యాప్‌లూ ఫొటోలూ ఎక్కించడంతోనే పొద్దుపోతోందని ఏఎన్ఎంలు చాలా ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. నమోదు వద్దని ఎవరూ అనరు. పుట్టింటికి వెళ్ళిన బాలింత వివరాలు రెండో ఊరి నర్సమ్మకు ముందే అందాలంటే నమోదు కావాలి, అది పనికొచ్చే నమోదు. ఒకే సంగతిని నాలుగు చోట్ల ఎక్కించడం పనికిరాని నమోదు. అసలు ఎంత సమయం కావాలో లెక్క వేసి చూద్దాం. సుమారు 2,500 మందికి ఒక విలేజ్ క్లినిక్ అన్నది రాష్ట్రంలో పెట్టుకున్న కొలత. వెయ్యి మందికి ఏటా పదహారు కాన్పులు అనుకుంటే అక్కడ ఏడాదికి పుట్టే పిల్లలు నలభై మంది. ఒక్కొక్కరిని ఆరుసార్లు చూడాలంటే 240 రాకపోకలు, అంటే రోజుకు ఒక్క ఇల్లు కూడా పూర్తిగా కాదు, అదీ ఆశాతో పంచుకుంటే. ఆ నలభై మందిలో జూలై, ఆగస్టుల్లో పుట్టేవాళ్ళు ఆరేడుగురు ఉంటారు. వాళ్ళకు తొమ్మిది నెలలు నిండి తట్టు–రుబెల్లా టీకా పడాల్సింది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో, కోతల మధ్యన. ఆ ఆరేడుగురి పేర్లు, ఎవరి అమ్మ ఏ తోటలో పనికి వెళ్తుందో, పొద్దున ఎన్నింటికి బయల్దేరుతుందో మార్చి నెలాఖరుకే నర్సమ్మ పుస్తకంలో రాసుకోవచ్చు. మామూలుగా టీకాలు వేసే బుధవారం పది గంటలకు బదులు ఆ రెండు నెలలూ సాయంత్రం అయిదింటికి క్యారియర్ తోట గట్టుకు చేరేలా పీహెచ్‌సీ ఏర్పాటు చేయవచ్చు. దానికి కొత్త పథకం, కొత్త భవనం అక్కర్లేదు, ఆ వేళకు ఐస్‌ప్యాక్‌లు తీసిపెట్టే మనిషీ, నర్సమ్మను తీసుకెళ్ళే బండీ, ఆ సాయంత్రానికి బదులు ఆమెకు ఒక పూట సెలవూ చాలు.